పాపులర్ సంగీతం నిజంగా మలుపు తిరిగింది ఎప్పుడు?

ప్రశ్న: పాపులర్ సంగీత చరిత్రలో గొప్ప ఘట్టాలంటూ ఏ జాబితా చూసినా బీటిల్స్ టీవీ షో, బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్, వుడ్‌స్టాక్, మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ ఇవే ఉంటున్నాయి. ఇవి నిజంగా అంత ముఖ్యమైనవా, లేక కెమెరా ముందు జరిగాయి కాబట్టి గుర్తుండిపోయాయా? ఈమధ్య కాలంలో అలాంటివేమీ జరగలేదా? వినడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు:

రికార్డింగ్ స్టూడియోల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. టేపు మీద పని నేర్చుకుని తర్వాత కంప్యూటర్‌కి మారిన తరం మాది. అందుకని నా జవాబు కాస్త స్టూడియో వైపు నుంచే ఉంటుంది.

మీ అనుమానం చాలావరకు సబబే. ఆ జాబితాల్లో ఉన్నవన్నీ మార్పు లోకానికి కనబడిన రోజులు. మార్పు పుట్టిన రోజు సాధారణంగా వేరే ఉంటుంది. ఆ రోజు గదిలో నలుగురైదుగురు మనుషులు, ఒక కొత్త మెషీనో, లేదా పాత మెషీన్‌నే ఎవరూ వాడని పద్ధతిలో వాడుతున్న చెయ్యో ఉంటాయి. ఏ ఘట్టం గురించి చదివినా నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: నిన్నటిదాకా కుదరనిది ఇవాళ ఏం కుదిరింది? ఆ ప్రశ్నతో చూస్తే జాబితా చాలా మారిపోతుంది.

నా జాబితా 1925లో మొదలవుతుంది. అంతకుముందు గాయకులు గరాటు ఆకారంలో ఉండే పెద్ద హార్న్‌లోకి గొంతెత్తి పాడాలి. ఆ ధ్వని శక్తితోనే సూది కదిలి మైనం మీద గాడి పడేది. మెల్లగా పాడితే ఏమీ పడేది కాదు. 1925లో కొలంబియా, విక్టర్ కంపెనీలు వెస్టర్న్ ఎలక్ట్రిక్ తయారుచేసిన విద్యుత్ రికార్డింగ్ పద్ధతికి మారాయి. స్టూడియోలోకి మైక్ వచ్చింది. హాలు చివరి వరుస దాకా వినిపించేలా పాడాల్సిన అవసరం పోయింది. పక్కనే కూర్చున్న మనిషికి చెప్తున్నట్టుగా పాడొచ్చు. బింగ్ క్రాస్బీ, ఆయన తర్వాత ఫ్రాంక్ సినాట్రా పాడిన తీరు మైక్ లేకుండా ఊహించలేం. ఇవాళ మనం గుసగుసగా పాడే ఏ పాటని ఇష్టపడినా దాని మూలం అక్కడుంది. కానీ ఆ రోజుకి ఫొటో లేదు, ఉత్సవం లేదు, కాబట్టి జాబితాలకు ఎక్కదు.

తర్వాతది టేపు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో మొత్తం కథకి ఇదే వెన్నెముక.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ రేడియో స్టేషన్లలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాలు ఉండేవి. అమెరికా సైన్యం సిగ్నల్ విభాగంలో పనిచేసిన జాక్ మల్లిన్ వాటిలో రెండింటిని విడిభాగాలుగా ఇంటికి పంపించుకుని, మళ్లీ బిగించి, 1946లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంజనీర్లకు వినిపించాడు. అదే కాలంలో బింగ్ క్రాస్బీ రేడియో కార్యక్రమాన్ని ప్రతివారం లైవ్‌గా చేయలేక విసిగిపోయి ఉన్నాడు. 1947లో మల్లిన్‌ని పనిలోకి తీసుకున్నాడు. ఆంపెక్స్ అనే చిన్న కంపెనీలో 50,000 డాలర్లు పెట్టాడు. 1948లో ఆంపెక్స్ మొదటి టేపు యంత్రాలు బయటికి వచ్చాయి. తప్పుగా వచ్చిన చోట టేపుని బ్లేడుతో కోసి, మంచి ముక్కతో అతికించే పని అప్పటినుంచే మామూలైంది. నేను నేర్చుకున్న మొదటి పని కూడా అదే. చేతిలో బ్లేడు పట్టుకుని, ఒకటే కాపీ ఉన్న టేపు ముందు కూర్చుంటే వచ్చే టెన్షన్ ఏ కంప్యూటర్ తెర ముందూ రాదు.

క్రాస్బీ ఒక ఆంపెక్స్ యంత్రాన్ని గిటారిస్టు లెస్ పాల్‌కి ఇచ్చాడు. లెస్ పాల్ దానికి అదనంగా ఇంకో హెడ్, అంటే టేపు మీదున్నది చదివే భాగం, బిగించాడు. ఇప్పుడు ముందు వాయించింది వింటూ, దాని మీద ఇంకోటి వాయించి, రెండూ కలిపి అదే టేపు మీద రికార్డు చేయొచ్చు. ఇందులో పెద్ద ప్రమాదం ఉంది. కొత్త పొర ఎక్కుతుంటే పాత పొర చెరిగిపోతుంది. చివరి పొరలో వేలు జారితే చేసిందంతా పోయినట్టే. అయినా భార్య మేరీ ఫోర్డ్‌తో కలిసి ఆయన అలాగే 'హౌ హై ద మూన్' చేశాడు. 1951లో అది తొమ్మిది వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. అందులో వినిపించే గాయనులందరూ ఒక్క మేరీ ఫోర్డే, గిటార్లన్నీ లెస్ పాల్‌వే.

అప్పటిదాకా రికార్డు అంటే జరిగిన కచేరీకి తీసిన ఫొటో. ఇక్కడి నుంచి ఎప్పుడూ, ఎక్కడా జరగని కచేరీని రికార్డు మీద కట్టడం కుదిరింది. 1957లో ఆంపెక్స్ లెస్ పాల్ కోసం ఎనిమిది ట్రాకుల యంత్రం చేసిచ్చింది. మిగతా స్టూడియోల్లో చాలావాటికి అక్కడికి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ గురించి ఎవరు చెప్పినా టీవీలో ఆయన నడుము తిప్పడం గురించే చెప్తారు. అసలు సంగతి 1954 జులై 5 రాత్రి మెంఫిస్‌లో, యూనియన్ అవెన్యూలో ఉన్న శామ్ ఫిలిప్స్ చిన్న స్టూడియోలో జరిగింది. గిటార్ మీద స్కాటీ మూర్, బేస్ మీద బిల్ బ్లాక్. డ్రమ్మర్ లేడు. మెల్లని పాటలేవో ప్రయత్నించారు, ఏదీ కుదరలేదు. విరామంలో ఎల్విస్ సరదాగా ఆర్థర్ క్రుడప్ పాత బ్లూస్ పాట 'దట్స్ ఆల్ రైట్' ఎత్తుకుని గంతులేస్తూ పాడాడు. మిగతా ఇద్దరూ కలిశారు. కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఫిలిప్స్ తలుపు లోంచి అది విని, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఆ రాత్రి ఫిలిప్స్ చేసిన గొప్ప పని అదే. వాళ్లకే ఆటగా అనిపించిన దాంట్లో పాట ఉందని పట్టుకున్నాడు. నిర్మాత ఉద్యోగం గురించి కొత్తవాళ్లు అడిగితే నేను చెప్పే ఉదాహరణ ఇది.

కొద్ది రోజుల్లోనే మెంఫిస్ రేడియోలో డ్యూయీ ఫిలిప్స్ అనే వ్యాఖ్యాత ఆ పాటని మళ్లీ మళ్లీ వేశాడు. ఎల్విస్‌ని స్టేషన్‌కి పిలిపించి ఏ హైస్కూల్లో చదివావని అడిగాడు. నల్లవాళ్ల బడులు, తెల్లవాళ్ల బడులు వేరువేరుగా ఉన్న ఊరది. పాడింది తెల్లవాడని బడి పేరుతోనే శ్రోతలకు తెలిసిపోయింది. ఈ ఒక్క వివరంలో రాక్ అండ్ రోల్ చరిత్ర సగం ఉంది. క్రుడప్ తన రాయల్టీల కోసం చివరిదాకా పోరాడి, రావాల్సింది చేతికందకుండానే 1974లో చనిపోయాడు. ఎల్విస్‌తో మొదలయ్యే ఏ జాబితా అయినా క్రుడప్ పేరూ, ఎలక్ట్రిక్ గిటార్‌తో భక్తి పాటల్ని ఊపేసిన సిస్టర్ రోసెట్టా థార్ప్ పేరూ చెప్పకపోతే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇక బీటిల్స్. 1964 ఫిబ్రవరి 9న వాళ్లు పాడిన అమెరికా టీవీ కార్యక్రమం ఎడ్ సలివన్ షోని సుమారు 7.3 కోట్ల మంది చూశారు. అది పెద్ద సంగతే, కాదనను. కానీ సంగీతం పరంగా వాళ్లు తెచ్చిన పెద్ద మార్పు ప్రేక్షకులకు దూరమయ్యాక వచ్చింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో 55,000 మందికి పైగా జనం. వేదిక మీద ఉన్నవి కొన్ని 100 వాట్ల ఆంప్లిఫైయర్లు, పాట వినిపించేది ఆటల ప్రకటనల కోసం పెట్టిన స్టేడియం స్పీకర్లలో. గాయకులకు తమ గొంతు తామే వినడానికి మానిటర్లు లేవు. అంత అరుపుల్లో శ్రుతి తప్పకుండా పాడారంటే అది జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు వాయించిన అలవాటే. మరుసటి ఏడాది ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆఖరి టికెట్ కచేరీ చేసి ఊరూరా తిరగడం మానేశారు.

అప్పటికే దారి దొరికింది. 1966 ఏప్రిల్ 6న లండన్ ఈఎంఐ స్టూడియోలో 'టుమారో నెవర్ నోస్' మొదలుపెట్టారు. ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. తన గొంతు కొండ మీంచి దలైలామా చెప్తున్నట్టు ఉండాలని బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ అడిగితే, ఆర్గన్ కోసం చేసిన లెస్లీ అనే తిరిగే స్పీకర్లోకి ఆ గొంతుని పంపించి మళ్లీ రికార్డు చేశాడు. చిన్న చిన్న టేపు ముక్కల్ని చుట్టలుగా, అంటే లూప్‌లుగా అతికించి, భవనంలో వేరువేరు గదుల్లో ఉన్న యంత్రాల మీద ఒకేసారి తిప్పారు. టేపు బిగువు సడలకుండా సిబ్బంది పెన్సిళ్లతో పట్టుకుని నిలబడ్డారు. ఏ చుట్ట ఎప్పుడు వినిపించాలో మిక్సింగ్ బల్ల మీద అక్కడికక్కడే శబ్దం పెంచే, తగ్గించే మీటలు (ఫేడర్లు) జరుపుతూ తేల్చుకున్నారు. అంటే మిక్సింగే వాయించడం అయింది. అదే మిక్స్ రెండోసారి రావడం అసాధ్యం. పాట మొత్తం దాదాపు ఒకే శ్రుతి మీద నిలబడి ఉంటుంది. సముద్రపు పక్షుల్లా వినిపించేది బృందంలోని పాల్ మెకార్ట్నీ నవ్వు, వేగం పెంచి తిప్పింది. ఇవాళ లూప్ అనే మాట లేని స్టూడియో లేదు. ఆ పద్ధతిని పాప్ పాటలోకి తెచ్చిన రోజు ఇదే.

న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో డిలన్ సంగతి త్వరగా చెప్తాను. 1965 జులై 25న బ్యాండ్‌తో మూడు పాటలు పాడాడు, జనంలో కొందరు గేలిచేశారు. విద్యుత్ గిటార్ పట్టుకోవడమే ద్రోహం అన్నట్టు కథ ప్రచారమైంది. కోపానికి ఇంకో రెండు కారణాలు ఉన్నాయి. ప్రధాన గాయకుడు మూడు పాటలకే దిగిపోయాడు. పైగా సౌండ్ బాగా రాలేదు. తనకి కోపం తెప్పించింది మాటలు వినపడనంతగా చెదిరిపోయిన సౌండేనని జానపద గాయకుడు పీట్ సీగర్ తర్వాతి కాలంలో చెప్పాడు. నేను ఆయన మాట నమ్ముతాను. మాటలే ప్రాణమైన పాటగాడి గొంతుని గిటార్లు మింగేస్తే ఎవరికైనా చిరాకొస్తుంది.

వుడ్‌స్టాక్ ఉత్సవం 1969లో జరిగింది, మనకు తెలిసింది మాత్రం మరుసటి ఏడాది వచ్చిన సినిమా వల్ల. సంగీతంలో అక్కడ కొత్తగా పుట్టింది పెద్దగా లేదని నా అభిప్రాయం. అంతమందికి వినిపించేలా స్పీకర్లు కట్టిన బిల్ హాన్లీ పనితనం మాత్రం నిజంగా చరిత్రే. దానికన్నా 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్, పండిట్ రవిశంకర్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జరిపిన కచేరీ నాకు ఎక్కువ ముఖ్యం. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ మర్యాదగా అన్నారు. 1985లో లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీ నడిచింది ఈ కచేరీ వేసిన దారిలోనే.

ఇప్పుడు కింగ్‌స్టన్‌కీ, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కీ వద్దాం. చాలా జాబితాలు ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెడతాయి. నాకు అది బాధగా ఉంటుంది.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆస్‌బోర్న్ రడక్ అనే రేడియో మెకానిక్ ఉండేవాడు. లోకానికి కింగ్ టబ్బీ. వీధి డాన్సులకు పెట్టే పెద్ద సౌండ్ సిస్టమ్‌ల కోసం ఆయన పాటల్లోంచి గొంతు తీసేసి, డ్రమ్ముల్నీ బేస్‌నీ ముందుకు తెచ్చి, మధ్యమధ్య ఒక మాటని పట్టుకుని ఎకోలో వదిలేవాడు. దాన్ని డబ్ అన్నారు. పూర్తయిన పాటని మళ్లీ విప్పి ఇంకో పాట చేయొచ్చని చూపించింది కింగ్‌స్టన్ వాళ్లే. రీమిక్స్ అని మనం అనేదంతా అక్కడి నుంచి వచ్చింది.

ఆ సౌండ్ సిస్టమ్‌ల మధ్య పుట్టి పెరిగిన క్లైవ్ క్యాంప్‌బెల్ కుటుంబంతో న్యూయార్క్‌ వచ్చి బ్రాంక్స్‌లో స్థిరపడ్డాడు. డీజే పేరు కూల్ హెర్క్. 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్టుమెంట్ల హాల్లో అతని చెల్లెలు సిండీ ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు టికెట్. పాటలో గొంతు ఆగి డ్రమ్ములు ఒంటరిగా మోగే కొద్ది సెకన్లకే జనం ఎక్కువ ఊగుతున్నారని హెర్క్ గమనించాడు. ఆ ముక్కని బ్రేక్ అంటారు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి, ఆ కొద్ది సెకన్లని నిమిషాలకు సాగదీసే పద్ధతి పట్టుకున్నాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే ఇంకో డీజే దాన్ని తాళం తప్పని విద్యగా మార్చాడు. హిప్ హాప్ పుట్టుక అంటే ఇది. వాద్యాలు కొనుక్కోలేని పిల్లలు ఇంట్లో ఉన్న రికార్డునే వాద్యం చేసుకున్నారు.

తర్వాత రికార్డులోంచి ముక్క తీసి మళ్లీ మళ్లీ మోగించే సాంప్లర్లు అనే యంత్రాలు వచ్చాయి, రెండు చేతులు చేసే పని చిప్ చేసింది. అక్కడ తప్పకుండా చెప్పాల్సిన మనిషి గ్రెగరీ కోల్‌మన్. 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే పాట చేసింది. అందులో నాలుగు ఆవర్తాల పాటు, అంటే ఆరేడు సెకన్లు, కోల్‌మన్ ఒంటరిగా డ్రమ్ములు వాయించాడు. ఆ ముక్క వేలాది రికార్డుల్లో ఉంది. హిప్ హాప్‌లో ఉంది. ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే శైలులు దాదాపు దాని మీదే నిలబడ్డాయి. కోల్‌మన్‌కి దానికి డబ్బు రాలేదు. 2006లో ఇల్లు లేని స్థితిలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలేసుకుని 24,000 పౌండ్లు ఆ బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి అందించారు. చరిత్రలో అత్యంత ప్రభావం చూపిన ఆరేడు సెకన్లు ఏవని ఎవరైనా అడిగితే నేను ఇవే చెప్తాను. జాబితాలు రాసేవాళ్లు కనీసం ఆ పేరు రాయాలి.

1977లో మ్యూనిక్‌లో జరిగింది కూడా ఇదే స్థాయిది. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ కలిసి డోనా సమ్మర్‌తో 'ఐ ఫీల్ లవ్' చేశారు. కిక్ డ్రమ్ తప్ప దాదాపు మిగతా వాద్యమంతా ఒక మూగ్ సింథసైజర్, అంటే విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే యంత్రం. ఆ యంత్రం వేడెక్కేకొద్దీ శ్రుతి జారిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా రికార్డు చేసి అతికించారు. బేస్‌ని ఒకవైపు నేరుగా, ఇంకోవైపు కొంచెం ఆలస్యంగా వినిపించారు. దాంతో వేగం రెట్టింపైనట్టు ఉంటుంది. ఇవాళ క్లబ్బులో మోగే ఎలక్ట్రానిక్ సంగీతానికి పునాది అదే. రెండేళ్లకే, 1979 జులై 12న షికాగో బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డుల్ని పేల్చి ఉత్సవం చేశారు. విచిత్రం ఏమిటంటే అదే షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో డీజే ఫ్రాంకీ నకల్స్ అప్పటికే డిస్కోని ముందుకు తీసుకెళ్తున్నాడు. హౌస్ సంగీతం పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చింది.

మూన్‌వాక్ విషయానికొస్తే, 1983 మే 16న టీవీలో వచ్చిన ఆ కార్యక్రమం నిజంగా గొప్పది. ఆ వెనక్కి జారే అడుగు మాత్రం పాతదే. ట్యాప్ డాన్సర్ బిల్ బెయిలీ అది చేసిన 1955 నాటి దృశ్యం ఇప్పటికీ ఉంది. ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలై చాలాకాలం నల్లజాతి కళాకారుల వీడియోలు చాలా తక్కువ వేసేది. 1983లో డేవిడ్ బోవీ ఎంటీవీ ఇంటర్వ్యూలోనే వాళ్లని ఈ విషయం నిలదీశాడు. జాక్సన్ పాట 'బిల్లీ జీన్' ఆ గోడని పగలగొట్టింది. ఆ పాటని మిక్స్ చేసిన బ్రూస్ స్వీడియన్ తాను 91 మిక్సులు చేశాననీ, చివరికి అందరికీ నచ్చింది రెండోదేననీ చెప్పేవాడు. మా పనిలో ఉన్నవాళ్లు ఆ మాట గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఈమధ్య కాలం గురించి అడిగారు. రెండు మలుపులు చెప్తాను, రెండూ 2000కి కొంచెం ముందే పుట్టాయి.

ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు భూమిలోకి ధ్వని తరంగాలు పంపించి చమురు ఎక్కడుందో వెతికే లెక్కల్లో నిపుణుడు. అదే రకం గణితంతో 1997లో ఆటోట్యూన్ చేశాడు. అపశ్రుతిని ఎవరికీ తెలియకుండా సరిచేయడం దాని ఉద్దేశం. 1998లో షేర్ పాడిన 'బిలీవ్'లో దాని వేగాన్ని చివరిదాకా తిప్పి, గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్లు దూకేలా చేశారు. దాచాల్సిన దాన్ని పైకి చూపించడంలోనే కొత్తదనం ఉంది. అది మోసం అని కోప్పడేవాళ్లు ఉన్నారు. మైక్ వచ్చిన కొత్తలో దాని దగ్గర మెల్లగా పాడేవాళ్లని కూడా ఇలాగే తిట్టారు.

రెండోది ఎంపీ3, పాట ఫైలుని బాగా చిన్నది చేసే పద్ధతి. కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ దాన్ని తయారుచేస్తూ సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' మీద పరీక్షించాడు. ఫైలు కుదించగానే ఆమె గొంతు పాడైపోయేది. అది బాగుపడేదాకా మళ్లీ మళ్లీ దిద్దాడు. ఫైళ్లు చిన్నవయ్యాక 1999లో షాన్ ఫ్యానింగ్ అనే కుర్రాడు నాప్‌స్టర్ పెట్టాడు, జనం పాటల ఫైళ్లని ఒకరికొకరు ఉచితంగా పంచుకునే సేవ అది. కోర్టు 2001లో మూయించింది, కానీ పాట డబ్బు పెట్టి కొనాల్సిన వస్తువు అనే నమ్మకం ఆ రెండేళ్లలోనే పోయింది. 2003 ఏప్రిల్‌లో యాపిల్ పాట ఒక్కింటికి 99 సెంట్లు పెట్టి అమ్మింది. 1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చాక పుట్టిన ఆల్బమ్ సంస్కృతి అక్కడ బీటలు వారింది. ఇప్పుడు స్పాటిఫైలో 30 సెకన్లు మోగితేనే ఒక వినికిడి కింద లెక్క. అందుకే పాటల ముందు వచ్చే వాద్య భాగం ఇంత కురచైపోయింది.

వినడం ఎక్కడి నుంచి అంటే, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ వరుసలో వినండి. మొదట 'హౌ హై ద మూన్'. ఎన్ని గిటార్లు ఉన్నాయో విడదీసి వినడానికి ప్రయత్నించండి. తర్వాత 'టుమారో నెవర్ నోస్', గొంతు మధ్యలో ఎక్కడ మారుతుందో గమనించండి. 'ఐ ఫీల్ లవ్' వినేటప్పుడు ఒక చెవి కప్పు తీసి, మళ్లీ పెట్టండి. బేస్ ఎలా కట్టారో అప్పుడు తెలుస్తుంది. చివరగా 'ఆమెన్, బ్రదర్', ఒకటిన్నర నిమిషం దగ్గర డ్రమ్ములు ఒంటరిగా వస్తాయి. ఆ ముక్క విన్నాక 1990ల నాటి ఇంగ్లండ్ జంగిల్ పాట ఏదైనా పెట్టుకోండి, వెంటనే గుర్తుపడతారు. కింగ్ టబ్బీ డబ్ రికార్డుల్లో ఏవి ముందు వినాలో కావాలంటే అడగండి, అది విడిగా రాయాల్సినంత ఉంది.